విశ్వవిద్యాలయ ఖాతాల్లో 789 ఎక్కడ?

విశ్వవిద్యాలయాల్లో పాత చిట్టాల స్థానంలో కొత్త ఆర్థిక సాఫ్ట్‌వేర్లు వస్తున్నాయి. నివేదికలు క్షణాల్లో సిద్ధమవుతాయంటున్నారు. మంచిదే. ఏ నివేదికలన్నదే ప్రశ్న.

ప్రభుత్వ బడ్జెట్‌లో ఎస్సీ ఉపప్రణాళిక నిధులకు 789, గిరిజన ఉపప్రణాళికకు 796 అనే ప్రత్యేక పద్దులున్నాయి. దళిత, ఆదివాసీ ఉద్యమాల ఒత్తిడితో 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వీటికి చట్టబద్ధత కల్పించింది. 2017లో తెలంగాణ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చింది. కానీ ఆ సంఖ్య ఖజానా గడప దాటి విశ్వవిద్యాలయ ఖాతాకు చేరాక నిలుస్తుందా? గ్రాంటును జీతాలు, నిర్వహణ, నిర్మాణాలు అని మాత్రమే విడదీసే చోట, దళిత విద్యార్థి వాటా ప్రహరీగోడలో కలిసిపోయినా జమాఖర్చులు పైసాతో సహా సరిపోతాయి.

ఫెలోషిప్‌ల సంగతి మరింత తీవ్రమైనది. తనకు ఏడు నెలల ఫెలోషిప్, 1,75,000 రూపాయలు రావలసి ఉందని హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు రోహిత్ వేముల 2016 జనవరిలో తన చివరి లేఖలో రాయవలసి వచ్చింది. నగదు పద్ధతిలో రాసే పుస్తకాల్లో చెల్లించని సొమ్ము ఖర్చు కాదు. అందువల్ల అలాంటి ఏడు నెలలు ఏ ఖర్చుల నివేదికలోనూ కనిపించవు. బకాయిని సంస్థ అప్పుగా చూపే అక్రూవల్ పద్ధతి కొంత మేలు. అయితే అక్కడా ఒకే మొత్తంగా చూపితే చాలదు. ఏ సామాజిక వర్గంవారికి, ఎన్ని నెలలుగా, ఏ అధికారి సంతకం కోసం ఆగిందో తెలియాలి. విద్యార్థుల పేర్లు బయటపెట్టనక్కరలేదు.

ఈ వివరాలు టెండరు పత్రంలోనే ఉండాలని విద్యార్థి సంఘాలు ఇప్పుడే పట్టుబట్టాలి. కొనుగోలు ముగిశాక అడిగితే, సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం లేదన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.