ఆపరేషన్ అయిన నెలలోపే పండుగ ప్రయాణమా?



డిసెంబరు నెల వచ్చిందంటే మన ఊళ్లకు బస్సులు, రైళ్లు కిక్కిరిసి వస్తాయి. క్రిస్మస్‌కు వచ్చేవారు కొందరు, సంక్రాంతికి వచ్చేవారు ఇంకొందరు. ఇలా వచ్చేవారిలో ఈమధ్య మేము ఒక కొత్త రకం రోగులను చూస్తున్నాం. వీరు హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్నంలోనో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుని, రెండు మూడు వారాలైనా తిరగకుండానే పండుగకు ఊరికి వచ్చినవారు. ఆగని వాంతులతోనో, కడుపునొప్పితోనో, కళ్లు తిరిగి పడిపోయో రాత్రివేళ మా క్యాజువాలిటీకి వస్తారు. ఈ ఆపరేషన్ మా ఆసుపత్రిలో చేయరు. అయినా దాని తర్వాత వచ్చే కష్టం మా గుమ్మంలోకి వస్తోంది గనుక, మా అభిప్రాయం చెప్పడం మా బాధ్యత అనుకుంటున్నాం.

ఆ అభిప్రాయం రెండు మాటల్లో ఇది. ఆపరేషన్ అయిన మొదటి నెలలో పండుగ ప్రయాణం వద్దు. ఆ తర్వాత వెళ్లేవారు ఆపరేషన్ సంగతి దాచిపెట్టి వెళ్లవద్దు. ఈ రెండింటిలో రెండోది మరీ ముఖ్యం.

ముందుగా ఒక సంగతి. మేము ఈ ఆపరేషన్‌కు వ్యతిరేకులం కాము. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో నూటికి 30 మంది ఉండవలసిన దానికంటే ఎక్కువ బరువున్నారు. స్థూలకాయం ఒక జబ్బు. అది సోమరితనం కాదు, తిండిపోతుతనం కాదు. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులు, నిద్రలో ఊపిరి ఆగడం వంటి వాటితో ఏళ్ల తరబడి బాధపడి, అన్ని ప్రయత్నాలూ చేసి, చివరకు ఆపరేషన్‌కు ఒప్పుకున్నవారు చాలామంది. అర్హులైన వారికి అది మంచి వైద్యమే. మా అభ్యంతరమంతా ఆపరేషన్ తేదీకీ, పండుగ తేదీకీ మధ్య ఉన్న తక్కువ వ్యవధి గురించే.

ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారో కాస్త తెలిస్తే మా భయం అర్థమవుతుంది. స్లీవ్ అనే పద్ధతిలో జీర్ణాశయంలో నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా కుడతారు. బైపాస్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. చర్మం మీద కనిపించే గాట్లు చిన్నవి కాబట్టి, రెండు మూడు రోజుల్లో ఇంటికి పంపిస్తారు కాబట్టి, ఇది చిన్న ఆపరేషన్ అనుకుంటారు. లోపల కుట్ల గీత పొడవుగా ఉంటుంది. అది మానడానికి వారాలు పడుతుంది.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. సెలవులు కలిసివస్తాయని డిసెంబరు 10న ఆపరేషన్ చేయించుకున్నారనుకుందాం. క్రిస్మస్ నాటికి 15 రోజులు. అప్పటికి ఆ మనిషి పల్చని మజ్జిగ, వడకట్టిన పప్పు తేట, సూపు వంటి ద్రవాలు దాటి మెత్తగా మెదిపిన ఆహారానికి వస్తూ ఉంటారు. సంక్రాంతి నాటికి 35 రోజులు. అప్పటికి మెత్తని ఆహారం నాలుగైదు చెంచాలు తినగలరు. బిర్యానీ, నాటుకోడి కూర, గారెలు, అరిసెలు ఉన్న ఇంట్లో ఆ నాలుగైదు చెంచాలతో ఆగడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి.

ప్రయాణంలోనే మొదటి ప్రమాదం ఉంది. హైదరాబాదు నుండి శ్రీకాకుళం వైపు బస్సులో వస్తే 12 గంటలు దాటుతుంది. పండుగ ముందు రోజుల్లో విజయవాడ రహదారి మీద పంతంగి టోల్‌గేట్ దగ్గర వాహనాలు ఎంతసేపు నిలిచిపోతాయో అందరికీ తెలుసు. అన్ని గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. 4 గంటలకు మించిన ప్రయాణంలో ఈ ప్రమాదం మామూలు మనుషులకే సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. అధిక బరువు, కొత్తగా జరిగిన ఆపరేషన్ దానికి తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఆపరేషన్ తర్వాత గడ్డలు ఎక్కువగా ఏర్పడేది ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాదు, ఇంటికి వెళ్లిన తర్వాతి వారాల్లోనే.

రెండోది నీళ్లు. వీరికి రోజుకు 1.5 నుండి 2 లీటర్ల ద్రవం కావాలి. కానీ ఒక్కసారి గ్లాసుడు తాగలేరు. గుటక గుటకగా గంటకు 100 మిల్లీలీటర్ల చొప్పున మేలుకుని ఉన్న 15 గంటలూ తాగితేనే 1.5 లీటర్లు అవుతుంది. దారిలో మరుగుదొడ్డి దొరకదని మన ఆడవాళ్లు బస్సు ఎక్కే ముందు నుండే నీళ్లు మానేస్తారు. 9 గంటలు తాగకపోతే 900 మిల్లీలీటర్ల లోటు. మామూలు మనిషి ఇంటికి చేరి చెంబుడు నీళ్లు తాగి దాన్ని పూడ్చుకుంటాడు. వీరు పూడ్చుకోలేరు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడి గడ్డకట్టే అవకాశం ఇంకా పెరుగుతుంది.

మూడోది కుట్ల దగ్గర లీకు. ఇది అరుదే గాని, వస్తే గంటలు లెక్కపెట్టుకోవలసిన పరిస్థితి. మొదటి కొన్ని వారాల్లో ఎప్పుడైనా రావచ్చు. కదలకుండా కూర్చున్నా నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఆయాసం, కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి దీని గుర్తులు. లావుగా ఉన్నవారిలో పొట్ట గట్టిపడడం వంటి గుర్తులు స్పష్టంగా కనిపించకపోవచ్చు. ఇంట్లోవాళ్లు గ్యాస్ నొప్పి అనుకుని వాము నీళ్లు ఇచ్చి పడుకోబెడతారు. ఆపరేషన్ చేసిన డాక్టరు ఉన్న ఊళ్లోనే ఉంటే వెంటనే స్కానింగ్ అవుతుంది. 600 కిలోమీటర్ల దూరంలో ఉంటే తెల్లవారేవరకు ఎదురుచూడడం అవుతుంది.

ఇక దాపరికం సంగతి. ఆపరేషన్ చేయించుకున్నట్టు చాలామంది బంధువులకు చెప్పరు. ఆడపిల్లకు సంబంధాలు చూస్తున్నామని తల్లిదండ్రులు దాస్తారు. కష్టపడకుండా కత్తితో సన్నబడ్డాడని నలుగురూ అంటారని మగపిల్లలు దాస్తారు. ఆ బాధ మాకు అర్థమవుతుంది. కానీ దాచిపెట్టి పండుగ ఇంటికి వెళితే ఏమవుతుంది? “ఏమ్మా, ఇంత చిక్కిపోయావు, పట్నంలో తిండి లేదా?” అంటూ మేనత్త విస్తట్లో వడ్డిస్తుంది. “మా చేతి వంట వద్దంటావా?” అని పెద్దమ్మ నొచ్చుకుంటుంది. వద్దనడానికి చెప్పుకునే కారణం ఉండదు. మొహమాటానికి తిన్న రెండు ముద్దలు ఆ చిన్న గొట్టంలో ఇరుక్కుని వాంతి అవుతుంది. బైపాస్ అయినవారు బొబ్బట్టో పాయసమో తింటే కొద్దిసేపటికే గుండె దడ, చెమటలు, విరేచనం పట్టుకోవచ్చు. వడ్డించిన వారికి దోషం లేదు. వారికి ఎవరూ చెప్పలేదు.

ఈ దాపరికం వైద్యుడి దాకా వెళ్లినప్పుడు ఇంకా ప్రమాదం. నొప్పి అనగానే ఊళ్లోని ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేస్తారు. ఆ జాతి మందుల వల్ల ఈ ఆపరేషన్ అయినవారికి, ముఖ్యంగా బైపాస్ వారికి, కుట్ల దగ్గర పుండ్లు పడి రక్తస్రావం కావచ్చు. వాంతులు అనగానే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. థయామిన్ అనే బి1 విటమిన్ మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉండదు. రోజుల తరబడి వాంతులైన మనిషికి ఆ విటమిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడు దెబ్బతినవచ్చు. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తికమకపడడం దాని గుర్తులు. ఆలస్యమైతే ఆ నష్టం జీవితాంతం మిగిలిపోవచ్చు. విషయం తెలియని డాక్టరు వాంతులకు ముక్కులోంచి గొట్టం వేయబోవచ్చు. కొత్త కుట్ల మీద అదీ ప్రమాదమే. మరికొందరు “బైపాస్ అయింది” అని మాత్రం చెబుతారు. మేము గుండె బైపాస్ అనుకుని ఈసీజీ తీస్తూ కూర్చోవలసి వస్తుంది.

విదేశాల్లో ఉన్న మన పిల్లల్లో కొందరు డిసెంబరు సెలవులకు వచ్చి, ఇక్కడ ఆపరేషన్ చేయించుకుని, పండుగ చూసుకుని, జనవరిలో తిరిగి విమానం ఎక్కుతున్నారు. ఖర్చు తక్కువ, అమ్మ దగ్గర ఉన్నట్టూ ఉంటుందని వారి ఆలోచన. అమెరికాకు విమానం మారే సమయంతో కలిపి 20 గంటలు దాటే ప్రయాణం అది. అక్కడ దిగిన తర్వాత తమను చూసే డాక్టరు ఎవరో ముందే మాట్లాడుకోకుండా ఆ తొందర పడవద్దని వారికి మా సలహా.

“ముసలి తల్లి ఎదురుచూస్తోంది, ఏడాదికోసారి వచ్చే పండుగ” అని అడిగేవారుంటారు. న్యాయమైన మాటే. అయితే ఈ ఆపరేషన్ చాలావరకు అత్యవసరం కాదు. తేదీ మన చేతిలో ఉంటుంది. సంక్రాంతి వెళ్లాక పెట్టుకోండి. ఈ సెలవుల్లోనే తప్పదంటే, ఆ ఏడాదికి తల్లినే పట్నం రమ్మనండి. పండుగ మనుషుల్లో ఉంటుంది, ఊరు మారినా పోదు.

నెల దాటి, సర్జను అనుమతితో బయలుదేరేవారు ఇవి తప్పక పాటించాలి.

1. డిశ్చార్జి కాగితం నకలు ఒకటి సంచిలో, ఫోటో ఫోన్‌లో ఉండాలి. ఏ రకం ఆపరేషన్, ఏ తేదీ, సర్జను ఫోన్ నంబరు అందులో ఉండాలి.

2. వెళ్లే ఇంట్లో కనీసం ఒకరికి, వంట చేసేవారికైతే మరీ మంచిది, విషయం ముందే ఫోన్ చేసి చెప్పండి.

3. గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. బస్సులో వీలుకాకపోతే పాదాలు పైకీ కిందికీ ఆడించండి. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన సూదులు మిగిలి ఉంటే ప్రయాణం పేరుతో మానవద్దు.

4. చిన్న సీసాతో నీళ్లు దగ్గర పెట్టుకుని గుటక గుటకగా తాగండి. తినేటప్పుడు మాత్రం నీళ్లు వద్దు. తిన్న అరగంట తర్వాత తాగండి. కూల్‌డ్రింకులు, మద్యం పూర్తిగా మానాలి.

5. పండుగ రోజైనా ముందు ప్రొటీన్. మెత్తని గుడ్డు, ముళ్లు తీసిన చేప, పప్పు, పెరుగు చాలు. విటమిన్ మాత్రలు ఒక్కరోజూ ఆపవద్దు.

6. షుగరు, బీపీ మందులు పాత మోతాదులో వేసుకోవద్దు. ఆపరేషన్ తర్వాత ఆ అవసరం తగ్గుతుంది. పాత మోతాదు వేసుకుంటే షుగరు పడిపోవచ్చు. కొత్త మోతాదు రాయించుకుని వెళ్లండి.

7. బరువైన పెట్టెలు, బియ్యం మూటలు ఎత్తవద్దు.

పైన చెప్పిన లీకు గుర్తులు కనబడినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో నొప్పి వచ్చినా, నల్లగా విరేచనమైనా, తాగిన నీళ్లు కూడా నిలవకపోయినా, చూపు రెండుగా కనబడినా, నడక తూలినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో చెప్పే మొదటి మాట “బరువు తగ్గే ఆపరేషన్ అయింది” అన్నదే కావాలి.

చివరిగా అతిథులను పిలిచే ఇళ్లకు ఒక మనవి. మీ ఇంటికి వచ్చినవారు నాలుగు చెంచాలు తిని లేస్తే, ఎందుకని నలుగురిలో అడగకండి. ఎంత బరువు తగ్గావని లెక్కలు అడగకండి. దాచుకోవలసిన అవసరం లేని ఇల్లు అని వారికి అనిపిస్తే, వారే మీకు చెబుతారు. ఆ నమ్మకం ఉన్న ఇంట్లో సగం ప్రమాదం ముందే తప్పిపోతుందని మా అనుభవం. పెద్ద పండుగ మళ్లీ ఏడాదికి వస్తుంది. ఈ ఏడు కాస్త ఓపిక పట్టినవారు అప్పటికి ఆరోగ్యంగా నడిచి వచ్చి మీ పంక్తిలో కూర్చుంటారు.