పరుల చేతిమీది పందెము

“మేము పేక ముట్టము, ఆరితేరినవాని చేతిమీద పైపందెము మాత్రమే కాయుదుము” అని కొందఱు రైతు సోదరులు వాదించుచున్నారు. ఇందువలన నష్టము తప్పునా యని విచారింతము.

బ్లాక్‌జాక్ అను ఇరువదియొకటి ఆటలో ఆటగాడే ముందుగా ముక్కలు తీయవలెను. లెక్క 21 దాటినచో పందెము అప్పుడే పోవును; పిమ్మట పంచువాని లెక్క దాటినను ఆ సొమ్ము తిరిగి రాదు. ఆటశాల లాభమునకు మూలమిదియే. పడిన ముక్కలెల్ల గణించు అరుదైన నేర్పరి తప్ప తక్కినవారు ఈ నష్టమును తగ్గింపగలరేకాని తుడిచివేయజాలరు. పైపందెగాడు ఆ నష్టమునే పంచుకొనును. ఆటగాని పొరపాటునుగూడ మోయును. ముక్క తీయుమనుటకుగాని, వలదనుటకుగాని వానికి అధికారము లేదు.

మన పల్లెలలోని లోపల-బయట ఆటలో నేర్పునకు చోటే లేదు. మొదటి ముక్క పడువైపు నూటికి సుమారు 51½ మారులు గెలుచును. గెలిచినచో ఆ వైపునకు నూటికి 90, రెండవవైపునకు 100 చెల్లించు పద్ధతిలో, ఎటు కాచినను సగటున నూటికి రెండు మూడు రూపాయలు ఆట నడుపువానికే చేరును. పైగా 1974 నాటి ఆంధ్రప్రదేశ్ జూద చట్టము ప్రకారము జూదశాలలో ఆడుచు పట్టుబడినవాడు శిక్షార్హుడు.

అనంతపురము మెట్టపొలమున వానను నమ్మి వేరుసెనగ విత్తుటయే మనకు చాలినంత పందెము. అందు కనీసము మన సేద్యపు నేర్పు మన చేతిలోనున్నది. సంఘమిచ్చిన అప్పు విత్తనమునకే గాని పరుని పేకముక్కకు కాదని సభ్యులు గ్రహింతురుగాక.