కీలు బిగియకముందే

తెలుగు బోధించే అధ్యాపకులకు ఎముకలతో, కీళ్ళతో పనేమిటని విద్యార్థి మిత్రులు ఆశ్చర్యపడవచ్చు. పని కలదు. వ్యాకరణంలో మేము నిత్యం వల్లె వేయించే ‘సంధి’ అనే మాటకు శరీరంలోని కీలు అనే అర్థం కూడా ఉంది. రెండు పదాలు కలిసేచోట వ్యాకరణ సంధి. రెండు ఎముకలు కలిసేచోట దేహసంధి. మొదటిదానిలో పొరపడితే మార్కులు పోతాయి. రెండవదానిలో పొరపడితే ఒక్కొక్కప్పుడు జీవనోపాధే పోతుంది. అయినా మొదటిదానిని ఏళ్ళ తరబడి చదివి, రెండవదాని గురించి ఒక్క గంటయినా ఆలోచించకుండానే మన విద్యార్థులు పట్టం పుచ్చుకొని వెళ్తున్నారు. ఇది సరికాదని మా అభిప్రాయం.

ఒక వార్షిక క్రీడోత్సవంలో మా విద్యార్థి ఒకడు కబడ్డీ ఆడుతూ పాదం మెలికపడి కూలిపోయాడు. తోటివారు ప్రేమతో పరుగెత్తుకొచ్చారు. ఒకడు పాదాన్ని పట్టి లాగాడు. మరొకడు నూనెతో మర్దించాడు. ఇంకొకడు వేడినీళ్ళ కాపడం పెట్టాడు. “నరం మీద నరం ఎక్కింది, లాగితే సర్దుకుంటుంది” అని అందరూ ఏకకంఠంతో తీర్పు చెప్పారు. తెల్లవారేసరికి చీలమండ విపరీతంగా వాచిపోయింది. ఆ అబ్బాయి రెండు నెలలు కుంటుతూ తరగతికి వచ్చాడు. వారందరి మనసూ మంచిదే, కొరవడింది తెలివిడి.

మన వాడుకలో దేహంలో ఎక్కడ నొప్పిపుట్టినా ‘నరం’ అనే అంటాం. నిజానికి కీలు దగ్గర ఉన్నవి వేర్వేరు వస్తువులు. ఎముకను ఎముకతో కట్టి ఉంచేది సంధిబంధనం. కండరాన్ని ఎముకకు తగిలించేది స్నాయుబంధనం. ఎముకల కొనలకు తొడుగుగా నున్నని మృదులాస్థి ఉంటుంది. వాటి నడుమ బండి ఇరుసుకు కందెన వలె సైనోవియల్ ద్రవం ఉంటుంది. చీలమండ బెణికిందంటే సంధిబంధనం సాగిందనో, తెగిందనో అర్థం. తెగిన తాటిని పట్టి లాగితే అతుక్కుంటుందా?

మోచేయి తలుపు మడతబందు వలె ఒకే దిశలో వంగుతుంది. భుజం బంతిగిన్నె కీలు. గిన్నె లోతు తక్కువ కనుక చేయి అన్ని వైపులా తిరుగుతుంది, ఆ కారణంగానే సులభంగా తొలగుతుంది కూడా. తుంటి గిన్నె లోతైనది; అందుకే దానికి స్థిరత్వం ఎక్కువ. వీటిని కదిలించేవి 600కు పైగా ఉన్న కండరాలు. కండరానికి లాగడమే తెలుసు, నెట్టడం తెలియదు. కనుక అవి జంటలుగా పనిచేస్తాయి. మోచేయి మడిచేటప్పుడు దండ ముందరి కండరం బిగుస్తుంది, వెనుకది సడలుతుంది. చాచేటప్పుడు ఇది తారుమారవుతుంది. ఒకటి బిగిసినప్పుడు రెండవది సడలకపోతే కదలికే లేదు.

కండరానికి రక్తప్రసారం సమృద్ధి. గాయపడినా త్వరగా మానుతుంది. సంధిబంధనానికి రక్తం తక్కువ. వారాలు, నెలలు పడుతుంది. మృదులాస్థిలో రక్తనాళాలే లేవు. కీలు కదిలినప్పుడు కలిగే ఒత్తిడి వల్ల చుట్టూ ఉన్న ద్రవం నుంచే దానికి పోషణ అందుతుంది. అంటే కదలికే కీలుకు ఆహారం. పూర్తిగా కదలని కీలూ చెడుతుంది, విరామం లేకుండా ఒకే కదలికకు లోనైన కీలూ చెడుతుంది.

ఈ రెండవ మాటకు సాక్ష్యం వెదకడానికి మనం మార్కాపురం దాటి పోనక్కరలేదు. మన పలకల మీద అక్షరాలు దిద్దిన పిల్లలు దేశంలో ఎందరో! ఆ పలకను చీల్చిన చేతుల సంగతి ఎందరికి తెలుసు? గొంతుకు కూర్చొని, నడుము వంచి, ఉలి పట్టిన మణికట్టును బిగించి గంటల తరబడి ఒకే పని. నిరంతరం బిగిసి ఉన్న కండరం తనలోకి వచ్చే రక్తాన్ని తానే అడ్డగించుకుంటుంది. అలసట నొప్పిగా, నొప్పి బిగువుగా మారుతుంది. మా విద్యార్థులలో కొందరు ఆ ఇళ్ళ నుంచి వచ్చినవారే. తండ్రి చేయి భుజం పైకి లేవకపోతే చొక్కా తొడిగి కళాశాలకు వచ్చే కొడుకును మేము ఎరుగుదుము. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవడం, నడుము వెనుకకు వంచడం, చేతులు మార్చడం ఖర్చులేని వైద్యం. ఆ మాట ఇంట్లో చెప్పవలసినది చదువుకున్న బిడ్డలే.

ఇంతకంటె పెద్ద ఆపద మన నీటిలో ఉంది. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన సహచరులు నాటి నెల్లూరు జిల్లా గ్రామాలలో ఎముకలు బిగిసిపోయే వ్యాధిని పరిశీలించి, దానికి కారణం తాగునీటిలోని ఫ్లోరైడని ప్రకటించారు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకు పొదిలి, దర్శి, కనిగిరి ఆ నెల్లూరు జిల్లాలోనివే. మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లాల ఎల్లలు మారాయి గాని రాతిలో ఇంకిన నీటి గుణం మారలేదు. అధిక ఫ్లోరైడు ఏళ్ళ తరబడి దేహంలో చేరితే సంధిబంధనాలు, స్నాయుబంధనాలు సున్నంతో గట్టిపడతాయి. వెన్నెముక కర్రలా బిగుస్తుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండడం మేలనీ, వేరే ఆధారం లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. నీళ్ళు కాచితే ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరై దాని గాఢత పెరుగుతుంది. ముదిరిన వ్యాధికి మందు లేదు. తొలిదశలో నీరు మార్చడమే మందు.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు శ్రీశైలం నుంచి కృష్ణా జలాలను మన మెట్టకు తేవడానికి తలపెట్టినది. 1996లో దానికి శంకుస్థాపన జరిగిననాడు పుట్టిన బిడ్డ నేడు బిడ్డల తండ్రి. పెద్ద పనులు ప్రభుత్వాలు చేయాలి, మనం అడగాలి. అడుగుతూనే మన చేతిలోని చిన్న పనులు చేసుకోవాలి.

విద్యార్థులారా, ఈ సెలవుల్లో ఇంటిల్లిపాదిచేత మూడు పనులు చేయించి చూడండి. మోకాళ్ళు వంచకుండా కాలివేళ్ళను తాకగలరా? గడ్డాన్ని ఛాతీకి ఆనించగలరా? చేతులు పక్కలకు చాచి మడిచి తల వెనుక భాగాన్ని తాకగలరా? తాకలేని ప్రతివారికీ ఫ్లోరోసిస్ ఉన్నట్లు కాదు. వయసూ, ఇతర వ్యాధులూ కారణం కావచ్చు. కాని వైద్యునికి చూపించడానికి అది చాలినంత కారణం. మసీదులో నిన్నటి వరకు మన పక్కన రుకూ, సజ్దా చేసిన పెద్దాయన ఒకరోజు కుర్చీ తెచ్చుకుంటే, “వయసు మీద పడింది” అని సరిపెట్టుకోకండి. ఆయన ఏ బోరు నీరు తాగుతున్నారో అడగండి. చిన్నపిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు కనిపిస్తే ఆ నీటిని పరీక్షకు పంపించండి.

ఇక బెణికితే ఏం చేయాలి? ఆట ఆపాలి. గుడ్డలో చుట్టిన మంచు పదిహేను ఇరవై నిమిషాలు పెట్టాలి. మరీ బిగించకుండా పట్టీ కట్టి, కాలు ఎత్తున ఉంచాలి. మొదటి రెండు రోజులు మర్దనా, కాపడం వద్దు. నాలుగడుగులు వేయలేకపోయినా, ఆకారం మారినా, తిమ్మిరి పట్టినా ఎక్స్‌రే తీయించాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపాలు మూడు. కళాశాలలోనూ, విద్యార్థులు నివసించేచోటా తాగే నీటిని ఏటా వేసవిలో ఒకసారి, వర్షాల తర్వాత ఒకసారి పరీక్ష చేయించి ఫలితాన్ని నోటీసు బోర్డుపై ప్రకటించాలి. ఆటస్థలంలో పట్టీలు, మంచు ఉన్న ప్రథమచికిత్స పెట్టె ఉంచి, ఆటకు ముందు పది నిమిషాల సన్నాహ వ్యాయామాన్ని తప్పనిసరి చేయాలి. ఏడాదికొకమారు వైద్యులను పిలిపించి విద్యార్థులకూ, వారి తల్లిదండ్రులకూ తెలుగులోనూ ఉర్దూలోనూ ఉపన్యాసం ఏర్పాటు చేయాలి. వీటికయ్యే వ్యయం ఒక బహుమతి ప్రదానోత్సవ వ్యయాన్ని మించదని మా నమ్మకం.

సంధి సూత్రాన్ని మరచిన విద్యార్థికి మరుసటి ఏడు మరల పరీక్ష ఉంది. బిగిసిపోయిన వెన్నెముకకు ఆ అవకాశం లేదు. ఈ వేసవి బోర్లు మరింత లోతుకు దిగకముందే మొదటి నీటి సీసా పరీక్షకు పోవాలని మా కోరిక.