కంప్యూటర్లు తీసేసే ముందు ఒక్కసారి వచ్చి చూడండి

పోయిన ఆదివారం మీటింగులో లైబ్రరీ గదిలోని రెండు కంప్యూటర్లు తీసేయాలని మాట వచ్చింది. పిల్లలు గేములు ఆడుతున్నారని ఫిర్యాదు. ఆరోజు టైము చాలక నేను మాట్లాడలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. కాస్త ఓపిగ్గా చదవండి.

ఆడుతున్న మాట నిజమే. ఆట పేరు కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్. రాకెట్లు కట్టడం, పేల్చుకోవడం. అయితే మనవాళ్లు అందులో కోపర్నికస్ అనే మాడ్ వేసి సొంత గ్రహాలు చేస్తున్నారు. ఒక ఫైలు తెరిచి గ్రహం వ్యాసార్థం ఎంత, నేల మీద గురుత్వం ఎంత, దాని పట్టు ఎంత దూరం వరకు అని అంకెలు రాయాలి. ఆ ఆటలో భూమికి బదులు కెర్బిన్ అని ఒకటుంది. వ్యాసార్థం 600 కిలోమీటర్లే, భూమిలో పదో వంతు కూడా లేదు. గురుత్వం మాత్రం మనంతే, 9.81. "అంత చిన్నది అంత గట్టిగా ఎట్లా లాగుతుంది అంకుల్?" అని తొమ్మిదో తరగతి పాప అడిగింది. నాకు తోచలేదు. తనే లెక్కేసింది: ఆ గ్రహం సీసం కంటే ఐదు రెట్లు బరువైన పదార్థంతో ఉండాలట! ట్యూషన్‌కు డబ్బు కట్టినా ఇంత వస్తుందా?

ఇంకో సంగతి. మామూలుగా ఆ ఆటలో నౌకను ఒక సమయంలో ఒక్క గోళమే లాగుతుంది. సరిహద్దు దాటితే పాత లాగుడు మాయం. అలాంటి చోట ఆదిత్య-ఎల్1ను నిలపలేం. అది భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన, సూర్యుడూ భూమీ ఇద్దరూ లాగుతుంటేనే భూమితో పాటు ఏడాదికో చుట్టు తిరిగే చోటు. ఆ చిక్కు తీరాలని పిల్లలు ప్రిన్సిపియా అనే ఇంకో మాడ్ వేశారు. అందులో అన్ని గోళాలూ ఒకేసారి లాగుతాయి, లెక్క నాలుగింతలు కష్టం. 2024 జనవరి 6న ఆదిత్యను నిజంగా ఆ కక్ష్యలో పెట్టినవాళ్లలో మన పీణ్య ఇస్ట్రాక్ వాళ్లూ ఉన్నారు. దాని గోడ పక్క నుంచే రోజూ ఫ్యాక్టరీలకు వెళ్తాం మనం.

చదువులు పాడవుతాయన్న భయం తప్పని అనను. మా ఇంట్లోనూ అదే గొడవ. టైము పెడదాం. ఆదివారం 10 నుంచి 12 వరకే గది తెరుద్దాం, నేను కూర్చుంటా, తాళం నా దగ్గరే పెట్టండి. వచ్చే మీటింగులో చేతులెత్తే ముందు ఒక్క పావుగంట వచ్చి ఆ పాప పక్కన కూర్చోండి. కాఫీ నాది.