అబ్నేరుకు గుర్తొచ్చిన వాగ్దానం

గోల్నాక నుండి యూనివర్సిటీ దారిలో తార్నాకకు వెళ్లి ఒక విశ్వాసి ఇంట ప్రార్థన చేశాం. 'ఆమేన్' అనగానే ఇంటి పెద్ద అడిగిన మొదటి మాట: "అయ్యగారూ, కమిటీ ఎలక్షన్లో మీరు ఎవరి వైపు?" పోయినసారి ఒకే ప్యానెల్‌లో ఉన్నవారే ఈసారి ఎదురెదురు వర్గాలు. వందనాలు చెప్పుకోవడం కూడా మానేశారు.

తెలుగునేలకు ఇది కొత్త కాదు. 12వ శతాబ్దంలో పల్నాడు ఇలాగే చీలింది. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు. నలగాముని కొలువులో మంత్రిగా ఉన్న బ్రహ్మనాయుడు మలిదేవుని పక్షం చేరాడు. అన్ని కులాలవారినీ ఒకే చాపపై కూర్చోబెట్టి 'చాపకూడు' పెట్టాడని పేరున్న ఆయన కూడా కారెంపూడి రణాన్ని తప్పించలేకపోయాడు. ఒకే బల్ల దగ్గర రొట్టె విరిచే మనకిది హెచ్చరిక.

సౌలు చనిపోయాక ఇశ్రాయేలు కూడా రెండైంది. హెబ్రోనులో యూదావారు దావీదును అభిషేకించారు. సేనాధిపతి అబ్నేరు సౌలు కుమారుడైన ఇష్బోషెతును మహనయీములో రాజును చేశాడు. గిబియోను కొలను దగ్గర చెరో పన్నెండుమంది తలపడి ఇరవైనలుగురూ కూలారు. అందులో గెలిచిందెవరు? తర్వాత ఇష్బోషెతు ఒక నింద మోపగానే అబ్నేరు పక్షం మార్చాడు. రాజ్యం దావీదుకే ఇస్తానని దేవుడు ప్రమాణం చేశాడన్న మాట అప్పుడు ఎత్తాడు (2 సమూ. 3). అహం దెబ్బతిన్నాకే ఆయనకు వాగ్దానం గుర్తొచ్చింది! మన వర్గాలు వల్లించే వాక్యాలూ చాలాసార్లు ఇలా గుర్తొచ్చేవే.

తమ్ముణ్ణి చంపాడన్న పగతో యోవాబు అబ్నేరును హెబ్రోను గుమ్మంలో పొడిచి చంపాడు. దావీదు యోవాబును అప్పుడు శిక్షించలేకపోయాడు. అది ఆయన బలహీనత. అయితే తన సేనాధిపతి చేసిన తప్పును కప్పిపుచ్చలేదు. పాడె వెంట నడిచాడు, సమాధి దగ్గర ఏడ్చాడు, ప్రొద్దుగుంకేవరకు ఏమీ తినలేదు. ఆ హత్య రాజు చేయించింది కాదని జనం గ్రహించారు.

తార్నాకలో ఆ పెద్దకు 'మేము దేవుని వైపు' అని జవాబిచ్చి వచ్చాం. కానీ మనసులో అప్పటికే ఒక ప్యానెల్‌ను ఎంచుకునే ఉన్నాం! అందుకే ఈ మాట ముందు మాకే. అవతలివారి తప్పును ఎత్తిచూపడానికి విశ్వాసం అక్కరలేదు. మనవాడి తప్పును తప్పు అనడానికే అది కావాలి. వచ్చే ఆదివారం బల్ల దగ్గరకు వచ్చేముందు అవతలి వర్గంవాని గుమ్మం తడదాం. ఓట్లు అడగడానికి కాదు, క్షమాపణ అడగడానికి.