మొర్రి బిడ్డ ఆకలి

పురిటిగదిలోంచి బిడ్డను తెచ్చి చూపించగానే ఆ ఇంట్లో మొదట వినపడే ప్రశ్న ఒకటుంది. "గ్రహణం రోజున ఏం చేశావు?" బిడ్డ పైపెదవి చీలి ఉంటుంది. కొందరికి ఆ చీలిక లోపలికి, అంగిలి దాకా పోయి ఉంటుంది. తల్లికి ఇంకా కుట్ల నొప్పి కూడా తగ్గదు. మంచం మీదే జవాబు వెతుక్కుంటుంది. కూరగాయలు తరిగానా? సూదిలో దారం ఎక్కించానా? కాళ్లు ముడుచుకుని పడుకున్నానా? తొమ్మిది నెలల్లో ఏదో ఒకరోజు ఏదో ఒకటి కోసే ఉంటుంది. అక్కడితో ఆమె నేరం రుజువైపోతుంది. ఈ బిడ్డ పాలెలా తాగుతుందన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు.

గ్రహణం నమ్మకం చేసే అసలు చెరుపు అక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. తల్లిని దోషిగా నిలబెట్టడం ఘోరమైన అన్యాయం. అంతకు మించి ఆ నమ్మకం, బిడ్డ బరువు నిలబడాల్సిన తొలి వారాల్లో ఇంటిల్లిపాది చూపునూ పాల మీది నుంచి తప్పిస్తుంది. మన దగ్గర గ్రహణం మొర్రి అంటున్న ఈ లోపం సుమారు 700 కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుంది. పెదవి ఒక్కటే చీలిన పిల్లలు చాలామంది కొద్దిపాటి సాయంతో రొమ్ము పట్టగలరు. చిక్కంతా అంగిలి చీలినవాళ్లతోనే.

పాలు చప్పరించాలంటే నోట్లో గాలి చొరబడకూడదు. పెదవులు ముందు మూసుకోవాలి, అంగిలి పైన మూసుకోవాలి, అప్పుడే పీల్పు పుడుతుంది. పక్కన చిల్లు పడ్డ స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగి చూడండి, ఎంత పీల్చినా గాలే వస్తుంది. అంగిలి చీలిన బిడ్డ పరిస్థితి అదే. రొమ్ము పడుతుంది, దవడ ఆడిస్తుంది, నుదుట చెమట పడుతుంది, అరగంటకు అలసి నిద్రపోతుంది. చూసేవాళ్లకు కడుపు నిండా తాగినట్టే ఉంటుంది. లోపలికి పోయిందాంట్లో గాలే ఎక్కువ. కాసిని పాలు ముక్కులోంచి తిరిగి వస్తాయి. గంట తిరక్కుండా లేచి ఏడుస్తుంది. తాగడానికి పడ్డ శ్రమకే తాగిన పాలు సరిపోతే ఇక ఒంటికి పట్టేదేముంటుంది?

ఆ ఏడుపుకు మన ఇళ్లలో పేర్లు సిద్ధంగా ఉంటాయి. దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, పక్షిదోషం అంటారు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు, తాయెత్తు కడతారు. వాటివల్ల బిడ్డ ఒంటికి నేరుగా కలిగే హాని లేకపోవచ్చు. హాని ఏమిటంటే, ఆకలి అని ఒక్కమాటలో తేలాల్సిన దానికి వేరే పేరు పడుతుంది. పేరు పడ్డాక వెతకడం ఆగిపోతుంది. భూతవైద్యుడి దగ్గరికి తిరిగిన వారంలో బిడ్డ బరువు పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

నేరుగా ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి. కాళ్లు చాపుకుని వాటి మీద బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, ఏడ్చినప్పుడల్లా నోట్లో ఉగ్గు పోయడం ఒకటి. స్నానం పోసేటప్పుడు వేలు పెట్టి గొంతులో కళ్లె తీయడం ఇంకొకటి. ముక్కులో నూనె చుక్కలు, నాలిక మీద ఆముదం సరేసరి. ఇవి ఏ బిడ్డకైనా ప్రమాదమే. నోటికీ ముక్కుకీ మధ్య గోడే లేని బిడ్డకు మరీ ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే పాలు జారినప్పటంత దగ్గు కూడా రాదు. చడీచప్పుడు లేకుండా అక్కడే ఉండిపోయి న్యుమోనియా తెస్తుంది. బిడ్డ పోయాక దాన్ని కూడా గ్రహణం ఖాతాలోనే రాస్తారు.

అలాగని పాతదంతా చెడ్డదని నేననను. ఉగ్గుగిన్నెనే తీసుకోండి. ముందు ముక్కులా సాగిన ఆ చిన్న గిన్నెతో మన అమ్మమ్మలు తరతరాలుగా పాలు పోశారు. చప్పరించలేని పిల్లలకు వైద్యులు ఇప్పటికీ సూచించే సాధనాల్లో అదొకటి. ఒక జిల్లా ఆసుపత్రిలో నవజాత శిశువుల వార్డు బయట నర్సమ్మ ఒక ముసలావిడకు నేర్పుతుంటే చూశాను. ముసలావిడ అలవాటు కొద్దీ కాళ్లు చాపబోయింది. "పడుకోబెట్టొద్దు పెద్దమ్మా, నిటారుగా కూర్చోబెట్టుకో. తల నీ చేతి మీద ఆనించు. గిన్నె ముక్కు పెదవి మూలన పెట్టు. కొంచెం పొయ్యి, మింగనీ, మళ్లీ పొయ్యి." తల్లి పిండి ఇచ్చిన పాలు గిన్నెలో ఉన్నాయి. రెండు గుక్కలు దిగాక కాసిని పాలు బిడ్డ ముక్కులోంచి వచ్చాయి. ముసలావిడ గాభరాగా గిన్నె కింద పెట్టేసింది. "రానీ పెద్దమ్మా, గుడ్డతో తుడువు. భుజాన వేసుకుని తేన్పు రానిచ్చి మళ్లీ పొయ్యి. దగ్గినా, మొహం నీలంగా మారినా అప్పుడు ఆపి నన్ను పిలువు." గిన్నె ఇంట్లోదే, పాలు తల్లివే. మార్చుకోవాల్సింది బిడ్డను పట్టుకునే తీరొక్కటే.

పాలు పట్టడం ఇరవై, ముప్పై నిమిషాలు దాటకూడదు. దాటితే బిడ్డ శక్తి అక్కడే ఖర్చైపోతుంది. నొక్కితే పాలు వచ్చే మెత్తని సీసాలు కూడా ఉన్నాయి. ఏది వాడినా బిడ్డ ఊపిరికి తగ్గట్టు పోయాలి, కుమ్మరించకూడదు. చాలినన్ని పాలు అందుతున్నాయో లేదో తేల్చేది తూకం. మొదటి నెలల్లో బిడ్డ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. వారానికోసారి అంగన్‌వాడీలో తూకం వేయిస్తే దాచినా దాగని నిజం కాగితం మీదికి వస్తుంది. కానీ ఎక్కువ ఇళ్లలో ఈ బిడ్డను బయటికే తేరు. ఎవరి కంట పడుతుందోనని కొంగు చాటున దాచుతారు. దాచిన బిడ్డను తూచేదెవరు?

ఈ బరువు మీదే ఆపరేషన్ ఆధారపడి ఉంటుంది. పెదవి కుట్టడానికి సర్జన్లు చాలాకాలంగా పాటిస్తున్న ఒక లెక్క ఉంది. బిడ్డకు 10 వారాలు నిండాలి, 10 పౌన్లు, అంటే దాదాపు నాలుగున్నర కిలోలు తూగాలి, రక్తంలో హిమోగ్లోబిన్ 10 గ్రాములుండాలి. అంగిలి ఆపరేషన్ సాధారణంగా 9 నెలల నుంచి ఏడాదిన్నర లోపు చేస్తారు. ఆలస్యమైతే మాట ముక్కుతో వస్తుంది, తర్వాత దిద్దడం కష్టం. అంటే తొలి నెలల్లో కడుపులోకి దిగిన ఒక్కో ఔన్సు పాలూ బిడ్డను ఆపరేషన్ బల్లకు దగ్గర చేస్తుంది. 2013లో మొదలైన ప్రభుత్వ పథకం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఈ లోపాన్ని పుట్టుకతోనే గుర్తించి ఆసుపత్రికి పంపించాల్సిన వాటి జాబితాలో పెట్టింది. స్మైల్ ట్రైన్ అనే సంస్థ సాయంతో నడిచే ఆసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం. డబ్బు లేక ఆగిపోయే పరిస్థితి ఇవాళ చాలావరకు లేదు. బరువు లేక, తీసుకెళ్లేవాళ్లు లేక ఆగిపోతోంది.

ఇక గ్రహణం మాట. కడుపులో పిండానికి పైపెదవి అతుక్కునేది ఆరేడు వారాల్లో. అంగిలి పన్నెండో వారం లోపే మూసుకుంటుంది. నెల తప్పిన కొద్ది వారాలకే పెదవి పని పూర్తయిపోతుంది. మనవాళ్లు గర్భిణిని చీకటిగదిలో కదలకుండా పడుకోబెట్టేది ఎప్పుడు? పొట్ట కనిపించాక, సీమంతం నాటికి. అప్పటికి బిడ్డ మూతి ఏర్పడి నెలలవుతుంది. చీలిన పెదవిని గది చీకటి అతికించలేదు, అతికిన పెదవిని గ్రహణం నీడ చీల్చలేదు.

పంచాంగం కూడా ఈ నమ్మకానికి సాక్ష్యం చెప్పదు. సూర్యచంద్ర గ్రహణాలు కలిపి ఏడాదికి తక్కువలో తక్కువ నాలుగు, ఎక్కువలో ఎక్కువ ఏడు వస్తాయి. దాదాపు ఆర్నెల్లకోసారి అవి జంటగానో మూడుగానో వస్తుంటాయి. భూమ్మీద ఏ గర్భిణికైనా, ఆమె ఊళ్లో కనపడినా కనపడకపోయినా, తొమ్మిది నెలల్లో కొన్ని గ్రహణాలు తప్పవు. కాబట్టి మొర్రి బిడ్డ పుట్టాక వెనక్కి లెక్కేస్తే ఏదో ఒకటి దొరికి తీరుతుంది. మామూలు బిడ్డ పుట్టిన ఇంట్లో లెక్కేసినా దొరుకుతుంది, కాకపోతే అక్కడ ఎవరూ లెక్కెయ్యరు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణ మీదుగా పోయినప్పుడు రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పరికరాలు బిగించుకుని ఎదురుచూశారు. అదే మధ్యాహ్నం ఊళ్లలో గర్భిణులు తలుపులేసుకుని కూర్చున్నారు.

మెక్సికోలోనూ గ్రహణం వల్లే పెదవి చీలుతుందని నమ్ముతారు. అక్కడి గర్భిణి రక్షణ కోసం పొట్ట దగ్గర బట్టకు ఇనుప పిన్నీసు పెట్టుకుంటుంది. మన దగ్గర ఇనుము తాకితేనే, కత్తిపీట ముట్టుకుంటేనే ప్రమాదమంటారు. ఒకే గ్రహణం అక్కడ ఇనుముకు భయపడి ఇక్కడ ఇనుముతో చేతులు కలపదు కదా.

అసలు కారణాలు ఒక్కటిగా ఉండవు. వంశంలో వచ్చే జన్యువులు, మూర్ఛకు వాడే కొన్ని మందులు, పొగాకు, అదుపులో లేని మధుమేహం, ఇలా అనేకం కలిసి పని చేస్తాయి. చాలా ఇళ్లలో ఫలానా కారణం అని వేలెత్తి చూపడం సాధ్యం కాదు. అది తల్లి తప్పు కాదన్నది మాత్రం ఖాయం.

ఆపరేషన్ అయ్యాక కూడా ఆచారం వదలదు. కుట్లు పడ్డ బిడ్డకు పథ్యం పెడతారు. పప్పు పెడితే చీము పడుతుందంటారు, గుడ్డు వేడంటారు, వంకాయ దురదంటారు. చివరికి చారన్నం మిగులుతుంది. గాయం మానడానికి కావాల్సింది మాంసకృత్తులు. ఆ పసివాడికి చౌకగా అవి దొరికేది పప్పులో, పాలల్లో, గుడ్డులోనే. చీము పట్టించేవి సూక్ష్మక్రిములు, కందిపప్పు కాదు. అంగిలి ఆపరేషన్ తర్వాత డాక్టర్లు చెప్పే పథ్యం వేరు. రెండు మూడు వారాలు గట్టివి, గుచ్చుకునేవి వద్దు. జంతికలు, చెక్కలు, బిస్కెట్ ముక్కలు దూరంగా ఉంచాలి. పలచగా మెదిపిన పప్పన్నం, జావ, మెత్తగా చేసిన గుడ్డు పెట్టొచ్చు. తిన్నాక నాలుగు చెంచాల మంచినీళ్లు తాగించాలి, కుట్ల మీద మెతుకులు నిలవకుండా.

ఇలాంటి బిడ్డను పెంచుతున్న తల్లి రెండో కాన్పు ముందు భయపడుతూ అడుగుతుంది, ఈసారీ ఇలాగే పుడుతుందా అని. తల్లిదండ్రుల్లో ఎవరికీ మొర్రి లేకపోతే రెండో బిడ్డకు వచ్చే అవకాశం నూటికి మూడు నుంచి ఐదు, అంటే తొంభై ఐదుకు పైగా రాదనే. మూర్ఛ మందులు వాడుతుంటే గర్భం రాకముందే డాక్టరుకు చెప్పాలి. ఫోలిక్ ఆమ్లం మాత్రలు నెల తప్పకముందు నుంచే మొదలుపెట్టాలి. అవి వెన్నుపాము లోపాలను తగ్గిస్తాయని రుజువైంది, మొర్రి విషయంలో పరిశోధన ఇంకా సాగుతోంది. గర్భంతో ఉండగా గ్రహణం వస్తే ఆ పూట పస్తుండకూడదు. కడుపులో బిడ్డ ఉన్నప్పుడు రోజంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా కూర్చుంటే కళ్లు తిరుగుతాయి, నీరసం కమ్ముతుంది. ఆ రోజు కూడా వేళకు అన్నం తినాలి, మాత్ర వేసుకోవాలి.