ఉమ్మడి చదువు: ఆఫ్రికా చూపిన త్రోవ

ఒక్కొక్క యెద్దు మాత్రమే గల యిద్దఱు రైతులు జోడు కట్టుకొని, నేడు నీ చేను, రేపు నా చేనుగా దున్నుకొనుట మన పల్లెలలో తాతతండ్రులనాటినుండి వచ్చుచున్న మర్యాద. ఆ కూడికవలన నెవ్వరి పొలమును పరాధీనము కాదు. ఎవ్వరి పట్టాయు మాఱదు. రెండు చేలును అదను తప్పక విత్తుబడును. రైతెఱిగిన యీ చిన్న నీతిని మన విశ్వవిద్యాలయములు గ్రహింపకుండుట మాకు వింతగా నున్నది. దీనిని గ్రహించి యాచరణమున బెట్టినవి ఆఫ్రికాఖండమునందలి విశ్వవిద్యాలయములు. ఆ వృత్తాంతమును మా పాఠకుల యెదుట నుంచి, మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములవారికి దానివలన నేమి ప్రయోజనము గలదో విచారింపదలచితిమి.

1980 తరువాతి దశాబ్దమున సహారా యెడారికి దక్షిణముననున్న దేశములనేకము ఋణభారమున గ్రుంగిపోయినవి. ప్రభుత్వములు వ్యయము తగ్గింపవలసివచ్చి విశ్వవిద్యాలయములకిచ్చు ద్రవ్యమును గుదించినవి. జీతములు చాలక పండితులు పరదేశములకు వలసపోయిరి. అట్టి సమయముననే ఋణదాతలు వచ్చి, నాణెముల విలువ తగ్గింపుడు, రాయితీలు మానుడు అని నియమములు విధించిరి. ఆ మాట మంచిదో చెడ్డదో లెక్కలతో తర్కించి బదులు చెప్పగల స్వదేశీయులైన యార్థికశాస్త్రజ్ఞులు పెక్కు ప్రభుత్వముల కొలువులలో గొఱవడిరి. అప్పిచ్చువాడే లెక్క వ్రాసి, ఆ లెక్కను వాడే చదివి వినిపించిన యెడల ఋణగ్రస్తుని గతి యేమగునో మన రైతులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

ఈ కొఱత తీర్చుటకై 1988లో నైరోబీ నగరమున ఆఫ్రికా ఆర్థిక పరిశోధన సమాఖ్య యేర్పడెను. ఆ సమాఖ్య యాధ్వర్యమున 1993లో ఆర్థికశాస్త్రమున ఉమ్మడి ఎం.ఏ. చదువు మొదలయ్యెను. దాని పద్ధతి మిక్కిలి సరళమైనది. విద్యార్థి తన విశ్వవిద్యాలయముననే చేరి సూక్ష్మార్థికము, స్థూలార్థికము, గణితపద్ధతులు మున్నగు మూలవిషయములను జదువును. పాఠ్యప్రణాళిక అందఱికి నొక్కటియే. పరీక్షల ప్రమాణమును ఉమ్మడిగానే కాపాడబడును. ఒక్కొక్క విశ్వవిద్యాలయమున నలుగురైదుగురికై ప్రత్యేక విషయములకు వేఱువేఱుగ నాచార్యులను నియమించుట దుర్భరము గనుక, అన్నిచోట్ల విద్యార్థులను కొన్ని నెలలపాటు నైరోబీకి రప్పించి, ఖండమంతటినుండియు నేఱిన యాచార్యులచే నా విషయములను జెప్పించిరి. పిమ్మట విద్యార్థి స్వస్థలమునకు మరలి తన దేశపు సమస్యపై పరిశోధనవ్యాసము వ్రాయును. పట్టము నిచ్చునది అతని విశ్వవిద్యాలయమే. స్వయముగ బోధించు శక్తి చాలని విశ్వవిద్యాలయములు తమ విద్యార్థులను సమర్థమైన పొరుగు విశ్వవిద్యాలయములకు బంపినవి; అందుకు సిగ్గుపడలేదు.

నైజీరియా తప్ప ఆంగ్లము వాడుకలోనున్న దేశముల విశ్వవిద్యాలయములు పెక్కు ఇందు జేరినవి. ఫ్రెంచిభాష వాడుకలోగల దేశములును మఱుసటి సంవత్సరముననే వాగదూగు కేంద్రముగ నిట్టి యేర్పాటు చేసికొన్నవి. 2002లో డాక్టరేటు చదువును, 2005లో వ్యవసాయార్థికశాస్త్రమున ఉమ్మడి ఎం.ఎస్‌సి.యు నీ క్రమముననే వెలసినవి. ఈ రెండవదానికి దక్షిణాఫ్రికాయందలి ప్రిటోరియా విశ్వవిద్యాలయము ఉమ్మడి బోధనాస్థానమయ్యెను. ఈ సమాఖ్యను నడపిన బెన్నో ఎండులు పిమ్మట 2008 మొదలు పదేండ్లు టాంజానియా కేంద్రబ్యాంకునకు గవర్నరుగ నుండెను. ఘనాలోని అక్రానుండి నైరోబీకి నాలుగువేల కిలోమీటర్లకు మించిన దూరము. నాణెములు వేఱు, ప్రభుత్వములు వేఱు. ఐనను వారు కలసిరి.

ఇక మన యింటివైపు చూతము. అంగళ్లు గ్రామమున నొకవంక టమాటా సంత. వేఱొకవంక 1998లో వెలసిన సాంకేతిక విద్యాలయము. మదనపల్లె మార్కెట్టు దేశమున మిక్కిలి పెద్ద టమాటా మార్కెట్టులలో నొకటియని ప్రసిద్ధి గన్నది. ఉత్తరదేశపు నగరములకును ఇచటినుండియే లారీలు సాగును. 2023 జూలైలో కిలో నూఱు రూపాయలకు మించి పలికిన కాయ, రెండు నెలలు గడవకమున్నే నేలకు దిగెను. హెచ్చినప్పుడు పట్టణవాసి విలపించెను. తగ్గినప్పుడు రైతు విలపించెను. ఎవ్వడెంత విత్తెనో, పొరుగు కోలారునందెంత పండినదో, కోతకు ముందు ధర యెటు మొగ్గునో, నిలువ గిడ్డంగి కట్టినచో వడ్డీకి లాభము సరిపోవునో లెక్కకట్టి చెప్పువాడు లేడు. ఉన్న లెక్క మండీదారుని పుస్తకమునందే యున్నది. పై చెప్పిన ఋణదాత లెక్కకును దీనికిని భేద మేమి?

ఇది విద్యకు నోచుకొనని సీమ యని యెవ్వరనగలరు? 1915లో అనిబిసెంటమ్మ పేర మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల వెలసెను. ఆమె నెలకొల్పిన జాతీయ విశ్వవిద్యాలయముతోడను ఆ కళాశాలకు సంబంధము గలదు. 1919లో రవీంద్రుడిచట విడిసి జనగణమన గీతమును ఆంగ్లీకరించెను. కుప్పము సంగతి యింకను ముఖ్యమైనది. ఆంధ్ర, కన్నడ, తమిళ సీమలు మూడును గలియు నా తావున, 1997లో ఆంధ్రప్రదేశ శాసనముచే, తమిళనాడు, కర్ణాటక, కేరళముల సహకారముతో ద్రావిడ విశ్వవిద్యాలయము స్థాపితమయ్యెను. అనగా ఆఫ్రికావారు సాధించిన కూడికకు బీజము మన గుమ్మమునందే పడియున్నది. భాషాసంస్కృతులకై కలసిన రాష్ట్రములు రైతు బ్రతుకుతెరువు లెక్కకై యేల కలియరాదు? టమాటాకు రాష్ట్రపు సరిహద్దు లేదు. దాని శాస్త్రమునకు మాత్ర మేల యుండవలెను?

ఇందు కాక్షేపణలు లేకపోలేదు. ఆఫ్రికా సమాఖ్యకు మొదటినుండియు పోషకులు కెనడా, అమెరికా మొదలగు దేశముల సంస్థలును ప్రపంచబ్యాంకునే గదా, ద్రవ్యమిచ్చువాడు పాఠమును గూడ నిర్ణయింపడా యని కొందఱడుగుదురు. ఈ శంక తోసివేయదగినది కాదు. పాశ్చాత్యగ్రంథములలోని సూత్రములే యధికముగ బోధింపబడినవను విమర్శ ఆ ఖండముననే పుట్టినది. కాని దానివలన తేలునది కూడిక తప్పని కాదు, కూడిక సొంత సొమ్ముతో సాగవలెనని. మఱికొందఱు, ఉమ్మడి పరీక్షవలన విశ్వవిద్యాలయముల స్వాతంత్ర్యము పోవునందురు. పట్టమిచ్చు హక్కు ఎవరిది వారిదిగ నున్నంతవఱకు పోవు స్వాతంత్ర్యమేది? పోవునది సులభముగ మార్కులు వేయు స్వాతంత్ర్యము మాత్రమే. అది పోవుటయే మేలు.

కావున మేము సూచించున దిది. తిరుపతి శ్రీ వేంకటేశ్వర, అనంతపురము శ్రీ కృష్ణదేవరాయ, కడప యోగి వేమన, కుప్పము ద్రావిడ విశ్వవిద్యాలయములు నాలుగును మొదట కలసి, ఆర్థికశాస్త్రమున నొక్క పాఠ్యప్రణాళికను, ఒక్క పరీక్షాప్రమాణమును నిర్ణయించుకొనవలెను. మూలవిషయములు ఎవరిచోట వారు చెప్పుకొనవచ్చును. వ్యవసాయధరలు, నీటిపారుదల, గ్రామఋణములు మున్నగు ప్రత్యేకవిషయములను కొన్ని నెలలు కుప్పమున నుమ్మడిగ బోధింపవలెను. కుప్పమునుండి తిరుపతికి రెండువందల కిలోమీటర్లును లేదు; దూరము మన కడ్డుగాదు. పిమ్మట కోలారు, వేలూరు ప్రాంతముల విశ్వవిద్యాలయములను బిలువవచ్చును. ఒకచోట చదివిన భాగమును వేఱొకచోట లెక్కించుకొనుటకు 2021లో విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘమువారు చేసిన నిబంధనలే యవకాశ మిచ్చుచున్నవి. పరిశోధనవ్యాసము విద్యార్థి తన తాలూకాలోని సంతపైననో, చెఱువుపైననో వ్రాయవలెను. దాని సారము తెలుగున ముద్రింపబడి రైతు చేతికందవలెను.

ఈ భారమంతయు ప్రభుత్వముపై మోపి మనము చేతులు ముడుచుకొన రాదు. భూస్వాములు, మండీ యజమానులు, పురప్రముఖులు పూనినచో ఏటికి పదిమంది విద్యార్థుల భోజనవసతులకు ద్రవ్యము సమకూర్చుట యసాధ్యము గాదు. దేవాలయమునకు గంట కట్టించిన చేతులే యిందులకును చాలును. మార్కెట్టు కమిటీవారు తమ ధరల పుస్తకములను విద్యార్థులకు జూపుట కంగీకరింపవలెను. ఆ పుస్తకములు తెఱువబడనిచో ఎంతటి యాచార్యుడు వచ్చినను చెప్పునది పరదేశపు గోధుమల లెక్కయే గాని అంగళ్ల టమాటా లెక్క గాదు.

ఆఫ్రికా యనగానే మనకంటె వెనుకబడిన ఖండమని చులకనగ దలచువారు మనలో నున్నారు. 1860 మొదలు నేటాలునకు కూలికి పోయిన తెలుగువారి సంతతి నేటికిని అచట నున్నది. ఇథియోపియా మొదలగు దేశములనుండి యువకులు విశాఖపట్టణమునకు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయమున డాక్టరేటులు పొందియున్నారు. మనము వారికి నేర్పితిమి. వారినుండి నేర్చుకొనుటలో లాఘవమేమియు లేదు. పేదఱికము వారికి కలసి బ్రతుకుట నేర్పెను. మనకును ఆ గురువు కొఱత లేదు. విశ్వవిద్యాలయముల పెద్దలు జోడు గట్టుట యెన్నడో, ఆనాటినుండియే యీ సీమ రైతు తన లెక్కను తాను చదువుకొన నారంభించును.